ఖాళీ వల

నూకరత్నం,
నీ ఆట నేను చూసింది తక్కువ,
కుట్టింది ఎక్కువ.

జ్ఞానాపురం వంతెన కింద నా కుట్టుబల్ల మీద
పోర్టు బొగ్గు దుమ్ము రోజూ ఒక పొర.
దాన్ని చేత్తో తుడిచి నీ కాళ్ళ ప్యాడ్లు పెట్టుకునేవాణ్ణి.
ఇరవై రెండేళ్ళు. ఎన్ని జతలు మారాయో.
ఎక్కడెక్కడ ఆడొచ్చావో పేపరు చదివేవాళ్ళకి తెలుసు,
ఎలా ఆడావో నాకు తెలుసు.
కుడి ప్యాడు మోకాలి దగ్గర గుంట పడితే
పెనాల్టీ కార్నర్లు మీద పడ్డాయన్నమాట.
ఎడమ కిక్కరు ముక్కు అరిగిపోతే
నేల మీద పొర్లి, కాలు చాచి,
పోయిందనుకున్న బంతిని వెనక్కి తెచ్చావన్నమాట.
ఏమీ తెగకపోతే
ఆ నెలంతా బెంచీ మీద కూర్చున్నావని.
అలాంటి నెలలు ఎన్ని, రత్నం!
దేశం జెర్సీ తొడుక్కుని, రెండో గోలీగా,
నీళ్ళ సీసాలు అందిస్తూ.
అప్పుడు కుట్టడానికేమీ ఉండేది కాదు,
బకిల్స్‌కి నూనె రాసి ఇచ్చేవాణ్ణి.

మొదటిసారి మీ అమ్మ తీసుకొచ్చింది నిన్ను,
పెదజాలరిపేట నుంచి, చేపల గంపలో ప్యాడ్లు పెట్టుకుని.
నీకు పదమూడు. ప్యాడ్లు నీ నడుం దాకా.
ఏం ఆటమ్మా ఇది, అనడిగితే
ఆవిడ అంది:
"వల ముందు నిలబడతాదంట బాబూ.
మా ఇంట్లో వల ఖాళీగా వొస్తే పొయ్యి ఎలగదు.
దీని వల ఖాళీగా ఉంటే సప్పట్లు కొడతారంట.
ఏటో, ఇడ్డూరం."
ఆ మాట నా దబ్బనంలోకి దారంలా ఎక్కింది,
ఇంకా దిగలేదు.

హుద్‌హుద్ రోజు రేకులు లేచిపోయాయి.
నీ ప్యాడ్లు కుట్టుమిషనుకి కట్టి
వాటి మీద బోర్లా పడుకున్నాను.
ఆరో రోజు, కరెంటు లేని చీకట్లో వచ్చి
"మావా, తడిసినాయేటి?" అన్నావు.
ముందు నా ఇల్లు అడగలేదని కోపం రాలేదు,
నాకూ ముందు అవే గుర్తొచ్చాయి కదా.

ఇప్పుడు చెప్పాల్సింది ఒకటుంది.
రాంచీ సెమీఫైనల్. ఆఖరి రెండు నిమిషాలు.
ఎడమ పట్టీ తెగింది, ప్యాడు పక్కకి తిరిగింది,
ఆ సందులోంచి బంతి వెళ్ళిపోయింది.
పేపర్లో ఫొటో వేశారు:
వెనక వల ఉబ్బి ఉంది, నువ్వు మోకాళ్ళ మీద,
పట్టీ గాల్లో వేలాడుతోంది.
'నిద్రపోయిన గోలీ' అని రాశారు కింద.
వారం తర్వాత వచ్చి
"ఎక్కడో తట్టుకుని తెగిందిలే మావా, కుట్టీ" అన్నావు.

తట్టుకుని తెగిన దారం పీచులు పీచులుగా ఉంటుంది.
ఇది తిన్నగా జారిపోయింది.
ముడి వెయ్యడం నేనే మర్చిపోయాను.
నీకు తెలుసు. నీకు తెలుసని నాకు తెలుసు.
ఎనిమిదేళ్ళుగా ఆ ముడి నా గొంతులో ఉంది.

నిన్న రైల్వే మైదానంలో నీకు శాలువా కప్పారు.
మైకు దొరికినవాళ్ళంతా నువ్వు ఆపిన గోల్స్ లెక్క చెప్పారు,
ఎవరి లెక్క వారిది.
నేను వెనక వరసలో కూర్చుని శాలువా అంచు చూశాను.
పోగులు అప్పుడే లేస్తున్నాయి, చవక కుట్టు.
నిన్ను మాట్లాడమన్నారు.
మైకుకి అరచెయ్యి అడ్డం పెట్టి నవ్వేశావు,
అదీ ఆపేశావు.

ఈ పొద్దున్నే ప్యాడ్లు నా బల్ల మీద.
నీ వెనకాల ఓ పిల్ల, సన్నటి పిక్కలు,
కళ్ళు మాత్రం కదలవు.
"పట్టీలు పొట్టి చెయ్యి మావా, దీనికి ఒదులు."
"రాంచీలో..." అన్నాను.
"రెండు ముళ్ళు వెయ్యి," అన్నావు,
రోడ్డు మీద లారీల వైపు చూస్తూ.

వేస్తున్నాను. నాలుగు వేస్తున్నాను.
పిల్ల బల్ల పక్కన నిలబడి
దబ్బనం ఎటు వెళ్తే అటు చూస్తోంది.